గుప్పెడు బియ్యానికి తాళం

నా ఫొటో కింద "నిరక్షరాస్య మహిళ" అని అచ్చు వేశారు. ఆ మాట నేనే చదువుకున్నాను. కళ్లజోడు పెట్టుకుని ఒకసారి, తీసి తుడిచి పెట్టుకుని ఇంకోసారి.

అది నున్నటి కాయితం మీద రంగుల్లో వేసిన చిన్న పుస్తకం. రాజమండ్రిలో ఒక ట్రస్టుకి బయటి సంస్థ గ్రాంటు ఇచ్చింది. ఆ గ్రాంటుతో మా ఊరి ముసలివాళ్లకి అన్నం పెడుతున్నామని చెప్పుకోడానికి ట్రస్టు వాళ్లు వేసుకున్న పుస్తకం. ఫొటోలో నేను తపేలా ముందు గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాను. పక్క పేజీలో ఏముందో చూద్దామని చదవడం మొదలుపెట్టాను.

"బియ్యం కడగక ముందే గుప్పెడు తియ్యాలి. వండాక తీసి పెడితే అది మిగులు. కడగక ముందు తీస్తే అది వాటా."

రెండో వాక్యం దగ్గరికి వచ్చేసరికి గుర్తుపట్టాను. ఆ వాక్యాలు నావి. మూడు మధ్యాహ్నాలు కూర్చుని నేను రాసినవి. ఒక్క పొల్లు మార్చలేదు. కింద మాత్రం రాసింది ట్రస్టు అధ్యక్షులు అని ఆయన పేరుంది. ఇటు పేజీలో నేను, చదువు రానిదాన్ని. అటు పేజీలో నా చదువు, ఆయన పేరు మీద.

నేను బడికి వెళ్లలేదు, అది నిజం. మా అమ్మ చర్చి తరఫున ఊరూరూ తిరిగి ఆడవాళ్లకి బైబిలు వాక్యం చెప్పేది. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ నన్ను చంకన వేసుకుని తిరిగింది, కాస్త ఎదిగాక చెయ్యి పట్టుకుని తిప్పింది. మూడు నెలలు ఒక ఊరు, ఆరు నెలలు ఇంకో ఊరు. బళ్లో వేసే వీలు లేక తనే నేర్పింది. ఎవరి ఇంట్లో దిగితే వాళ్ల అరుగే నా పలక. గుణింతాలు వచ్చాక పాటల పుస్తకం, అది వచ్చాక వేదపుస్తకం. పదేళ్లకి నేను ఆడవాళ్ల ప్రార్థన కూడికలో నిలబడి తడుముకోకుండా చదివేదాన్ని.

రాయడం నేర్పినప్పుడు అమ్మ ఒక నియమం పెట్టింది. "ఏది రాసినా రెండుసార్లు రాయి. మొదటిది చేతి కోసం, రెండోది కంటి కోసం." అందుకని ఇప్పటికీ ఏం రాసినా ముందు పాత కేలండరు కాయితాల వెనక రాసుకుంటాను, తర్వాత నోటు పుస్తకంలోకి ఎక్కిస్తాను. ఇంకోటి కూడా నేర్పింది. పడుకోబోయే ముందు ఆ రోజు మనకి అందినవాటికి పైకి చెప్పి వందనాలు చెల్లించాలి. "ఏమీ అందలేదనిపించిన రోజున మంచినీళ్లతో మొదలుపెట్టు, మిగతావి వాటంతట అవే వస్తాయి" అనేది. అమ్మ దయవల్ల కృతజ్ఞత నాకు శ్వాస లాగా అలవాటైపోయింది. మర్చిపోవడం మాత్రం ఆవిడ నేర్పలేదు. నాకు రాదు.

మాది నిడదవోలుకి దగ్గర్లో కాలవ గట్టున ఉన్న ఊరు. మా చర్చి సంఘంలో ఆడవాళ్లకి గుప్పెడు బియ్యం అనే అలవాటు ఉంది. ఏ పూట వంటకైనా బియ్యం కొలిచి గిన్నెలో పోశాక, నీళ్లు పొయ్యక ముందు, ఒక గుప్పెడు తీసి పక్కన డబ్బాలో వేస్తాం. వారానికోసారి అందరి డబ్బాలూ చర్చికి చేరతాయి. వెనకటికి ఆ బియ్యం పాస్టరు గారి ఇంటికి వెళ్లేవి. ఆయనకి జీతం స్థిరపడ్డాక, "మా ఇంటికి ఇక వద్దమ్మా, లేనివాళ్లకి చూడండి" అన్నారు. అప్పటినుంచి చర్చి వెనక రేకుల షెడ్డులో పొయ్యి వెలిగించాం. మధ్యాహ్నం ఒక్క పూట. ఇరవై రెండు మంది ముసలివాళ్లు. ఏ సంఘమని గానీ ఏ దేవుడని గానీ అడిగింది లేదు.

ఆ బియ్యం వండటం ఒక విద్య. ఒకింటి డబ్బాలో కోటా బియ్యం, ఒకింటి డబ్బాలో సన్నబియ్యం, ఇంకో ఇంట్లో కొత్త బియ్యం. అన్నీ కలిసి ఒకే గోనెలో పడతాయి. మామూలుగా వండితే సన్నవి ముద్దయిపోతాయి, ముతకవి పలుకుగా ఉండిపోతాయి. అందుకని పొద్దున్నే నానబెట్టి, నీళ్లు ఎక్కువ పోసి, సెగ తగ్గించి మెత్తగా దించుతాను. పళ్లు లేని వాళ్లకి అదే కావాలి. దాంట్లోకి పప్పు, లేకపోతే ఆనపకాయ పులుసు.

ఆ ఇరవై రెండు మందిలో ఒక మామ్మ ఉంది. నుదుటి మీద నిలువునా అంత బొట్టు పెట్టుకుంటుంది. మొగుడు పోయాక నిడదవోలు స్టేషన్లో అడుక్కునేది. మా ఊరి మనిషి కదా అని వెళ్లి తీసుకొచ్చాం. మొదటి రోజు అన్నం కలుపుతూ, "ఏవే, దీనికి ఉప్పు వెయ్యడం కూడా మీ దేవుడు వద్దన్నాడా?" అంది. నేను ఉప్పు తెచ్చాను. రెండు ముద్దలు తిని, "పర్లేదు, ఇప్పుడు వంటకి పనికొచ్చావు" అంది. అంతే, ఆ రోజునుంచి షెడ్డులో తూర్పు గోడ పక్కన చోటు ఆవిడది. ఎవరైనా అక్కడ కూర్చుంటే లేపేస్తుంది.

ఆ ట్రస్టు సారు మా దగ్గరికి వచ్చింది అలాంటి ఒక మధ్యాహ్నమే. తెల్ల కారు, తెల్ల చొక్కా, మెత్తటి మాట. షెడ్డు బయట చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. అందుకే నాకు నచ్చాడు. ఆకు వేయించుకుని మామ్మ పక్కనే కూర్చుని తిన్నాడు.

"ఇంత గొప్ప పని ఇలా మూల పడి ఉందేంటమ్మా?" అన్నాడు. "స్థానికంగా తిండి అందించే వాళ్లకి గ్రాంటులిచ్చే సంస్థలు బోలెడున్నాయి. ప్రపోజల్ పెడదాం. మంచి వంటిల్లు, గ్యాసు పొయ్యిలు, బియ్యం దాచుకునే గది, అన్నీ వస్తాయి. మీకు రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి మా ట్రస్టు పేరు మీద పెట్టాలి. మీరు ఎలా చేస్తున్నారో చెప్పండి, రాసుకుంటాను."

"నేనే రాసిస్తానండి" అన్నాను.

"ఎంతవరకు చదివారు?"

"బడికి వెళ్లలేదండి. ఇంట్లోనే."

ఆయన నవ్వి ఊరుకున్నాడు. నేను మూడు మధ్యాహ్నాలు కూర్చుని రాశాను. గుప్పెడు ఎందుకు, ఎప్పుడు తియ్యాలి, కలగలుపు బియ్యం ఎలా వండాలి, ముసలివాళ్లని ఏమని పిలవాలి, అన్నీ. నోటు పుస్తకం ఆయన చేతికిచ్చి పాస్టరు గారితో ప్రార్థన కూడా చేయించాను. ఆ రాత్రి వందనాలు చెప్పుకునేటప్పుడు అందరికన్నా ముందు ఆయన పేరే చెప్పాను. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

గ్రాంటు వచ్చింది. వంటిల్లు రాజమండ్రిలో బైపాసు పక్కన కట్టారు. గ్యాసు పొయ్యిలు అక్కడే పెట్టారు. మాకు వచ్చినవి స్టీలు డబ్బాలు.

వాటి గురించి చెప్పాలి. ఇంటికొకటి చొప్పున పంచారు. ధగధగా మెరుస్తున్నాయి. పొట్ట మీద ట్రస్టు పేరు చెక్కి ఉంది. మూతకి తాళం. తాళంచెవి ట్రస్టు ఆఫీసులో ఉంటుందట. మూత మధ్యలో గుళ్లో హుండీకి ఉన్నట్టు సన్నటి చీలిక. జీవితంలో ఒక్కసారైనా గుప్పెడు బియ్యం తీసిన మనిషి ఎవరూ ఆ డబ్బా చేయించరు. చిల్లర పైసలు పడే చీలికలో గుప్పెడు బియ్యం ఎలా పడతాయి? నాలుగు గింజలు లోపలికి, మిగతావన్నీ నేల మీదికి.

మా పక్కింటి వదిన డబ్బా తెచ్చి మా గడప మీద పెట్టింది. "ఈ తాళం ఎవరి కోసం వదినా? మా అత్త నాకు చెప్పింది, నేను నా కోడలికి చెప్పాను. ఇన్నేళ్లలో ఎవరైనా నా డబ్బాలో ఎన్ని ఉన్నాయని అడిగారా? ఇప్పుడు నా బియ్యం నేనే దొంగిలిస్తానని తాళం వేశారా?"

సారుకి ఫోన్ చేశాను. "పారదర్శకత అమ్మా" అన్నాడు. "ఫండింగ్ వాళ్లకి లెక్క చూపించాలి కదా."

వదిన ఒక్కతే కాదు, ఒకరి తర్వాత ఒకరు మానేశారు. వేసినవాళ్ల డబ్బాలు తెరవడానికి ఆఫీసు నుంచి మనిషి నెలకోసారి కూడా రాలేదు. వానాకాలం, మూసిన డబ్బా, బియ్యం పురుగు పట్టిపోయాయి. అమ్మమ్మల కాలం నుంచి ఆగని చెయ్యి మా ఊళ్లో రెండు నెలల్లో ఆగిపోయింది.

"మీరు ఇక వండక్కర్లేదమ్మా, వ్యానులో పంపిస్తాం" అన్నారు. వ్యాను మొదట్లో రోజూ వచ్చింది. పన్నెండింటికి రావాల్సింది రెండున్నరకి. అన్నం విడివిడిగా, పెళ్లి భోజనంలా గట్టిగా ఉండేది. ముసలివాళ్లు పులుసులో నానబెట్టి నానబెట్టి మింగేవారు. తర్వాత వారానికి మూడు రోజులైంది. తర్వాత ఎవరైనా చూడటానికి వచ్చిన రోజు మాత్రమే. వ్యాను వచ్చిందంటే వెనక కెమెరా అబ్బాయి దిగుతాడు. అది మాకు గుర్తు.

మామ్మ చోటు ఖాళీ అయింది. రెండు రోజులు చూసి వాళ్ల గుడిసెకి వెళ్తే తడక కట్టేసి ఉంది.

పది రోజుల తర్వాత కళ్లాసుపత్రికని రాజమండ్రి వెళ్లడానికి నిడదవోలు స్టేషన్‌కి వెళ్లాను. మెట్ల కింద కూర్చుని ఉంది. ముందు సత్తు గిన్నె. బొట్టు మాత్రం అలాగే ఉంది.

నేను ఎదురుగా కూర్చుండిపోయాను. నన్ను చూసి ఆవిడ సిగ్గుపడలేదు. నేనే పడ్డాను.

"ఏంటి మామ్మా ఇది?"

"ఏముందే, పాత ఉద్యోగం" అంది. "మొన్నొకాయన పూరీలిచ్చాడు, మెత్తగా ఉన్నాయి."

"ఇంటికి రా. మా ఇంట్లో తిందువుగాని."

"నీ ఇంట్లో తింటే నీ మొగుడి వాటా. షెడ్డులో తింటే ఊరి వాటా. నాకు తెలీదనుకున్నావా? ఊరి వాటా ఉన్నన్నాళ్లూ తిన్నాను." గిన్నె సర్దుకుంటూ అంది. "అయినా ఆ కెమెరా అబ్బాయి తీసిన ఫొటోలో బాగానే తింటున్నాను కదా. ఇంకా ఆకలేంటి నాకు?"

నా బండి వచ్చి వెళ్లిపోయింది. నేను ఎక్కలేదు.

ఆ వారంలోనే ఆ రంగుల పుస్తకం నా చేతికొచ్చింది. నిరక్షరాస్య మహిళ. పుస్తకం మధ్యలో రెండు పేజీలకి సరిపడా మామ్మ ఫొటో. ఆకులో అన్నం, నోట్లో ముద్ద.

సారుకి ఫోన్ చేశాను. నా గొంతు నాకే మెత్తగా వినిపించింది. "ఏవండీ, నాకు చదువు రాదని వేశారు. ఆ రాతలు నావి కదండీ?"

"అయ్యో, అవన్నీ మనసులో పెట్టుకోకండమ్మా. ఫండింగ్ వాళ్లకి అలా ఉంటేనే పట్టుకుంటుంది. మీ మంచికే కదా." తర్వాత అసలు సంగతి చెప్పాడు. "వచ్చే నెల ఆ సంస్థ మేడమ్ హైదరాబాదు నుంచి విజిటుకి వస్తున్నారు. రెండో ఏడాది గ్రాంటు ఆవిడ మాట మీదే ఉంది. మీ షెడ్డు ముందే సభ పెడదాం. చివర్లో వందన సమర్పణ మీరు చెయ్యాలి."

మా వైపు ఏ సభైనా అంతే. మాట్లాడాల్సిన పెద్దలందరూ మాట్లాడాక, కుర్చీలు కదులుతుండగా, ఎవరినీ నొప్పించని మనిషిని చూసి వందన సమర్పణ ఇస్తారు. నాలుగు పేర్లు చదివి కూర్చోవాలి. ఆయన నన్ను అలాంటి మనిషిననుకున్నాడు.

"కాయితం మాత్రం పట్టుకోకండమ్మా" అన్నాడు. "మా ఆఫీసు అమ్మాయి పక్కన నిలబడి పేర్లు చెబుతుంది. మీరు అనండి చాలు. అర్థమైంది కదా?"

"అర్థమైందండి" అన్నాను.

ఆ నెల రోజులూ నేను దేవుడి దగ్గర నిజాయితీగానే ఉన్నాను. రోజూ మోకాళ్ల మీద ఉన్నాను. ప్రార్థనలో మాకు కీడు చేసినవాళ్లని క్షమించామనే మాట వచ్చే చోట నోరు మూసుకునేదాన్ని. అబద్ధం చెప్పడం ఇష్టం లేక. ఆయన మీద కోపం తీసెయ్యమని అడగలేదు. ఆ రోజు నా గొంతు వణకకుండా చూడమని అడిగాను. ఆయన తెల్ల చొక్కా తల్చుకుంటూ అంట్లు తోమేదాన్ని. తపేలాలు ఎప్పుడూ లేనంత తెల్లగా వచ్చాయి.

మా ఆయన మిల్లులో పని చేసి వచ్చి, నేను పాత కేలండరు కాయితాలు ముందేసుకుని కూర్చోడం చూసి అడిగాడు. "ప్రార్థన రాస్తున్నావా, పిటిషను రాస్తున్నావా?"

"వందనాలు రాస్తున్నాను."

"ఎవరికి?"

"అందరికీ."

ఆయన ఒక కాయితం తీసి చదివాడు. మెల్లగా కింద పెట్టాడు. "ఈయన మనకి అన్నం పెట్టినవాడు కాదు, నిజమే. కానీ రేపు గ్రాంటు పోతే ఆ ఎప్పుడో ఒక పూట వచ్చే వ్యాను కూడా పోతుంది. ఆలోచించుకో."

ఆలోచించాను. వ్యాను ఉన్నన్నాళ్లూ డబ్బాలకి తాళం ఉంటుంది. తాళం ఉన్నన్నాళ్లూ మా ఆడవాళ్ల చెయ్యి కదలదు. చెయ్యి కదలకపోతే మామ్మ మెట్ల కిందే పోతుంది. ఇలా లెక్క వేసుకున్నానని ఇప్పుడు చెప్పడం తేలిక. నిజం చెప్పాలంటే, ఆయన మొహం ఎలా మారుతుందో చూడాలని నాకు మహా కోరికగా ఉంది. రెండూ ఉన్నాయి. ఏది ముందో దేవుడికి తెలుసు.

సభ రోజు పొద్దున్నే ఆటో కట్టించుకుని స్టేషన్‌కి వెళ్లాను. "నేను రాను" అంది మామ్మ. "మళ్లీ ఫొటోకా?"

"తిండికి రావద్దు. నేను మాట్లాడతాను, వినడానికి రా."

"నువ్వా? నువ్వు మాట్లాడితే దోమ కూడా లేవదు." అంటూనే గిన్నె చీర కొంగులో చుట్టుకుని లేచింది.

షామియానా వేశారు. బల్ల మీద మెరిసే డబ్బా ఒకటి పూలదండ వేసి పెట్టారు. హైదరాబాదు మేడమ్ తెలుగావిడే. నలభై ఏళ్లు ఉంటాయి, నూలు చీర, ఒళ్లో ఆ రంగుల పుస్తకం. సారు అరగంట మాట్లాడాడు. "కడగక ముందు తీస్తే అది వాటా" అన్నాడు, గుండె మీద చెయ్యి వేసుకుని. మేడమ్ తలూపుతూ రాసుకుంది. వ్యాను అన్నం గిన్నెలు దించుతున్నారు. జనం లేస్తున్నారు. అప్పుడు నన్ను పిలిచారు.

ఆఫీసు అమ్మాయి నా చెవి దగ్గరికి వంగి, "ముఖ్య అతిథి గారికి" అని అందించింది. నేను చేతిసంచి తెరిచి కేలండరు కాయితాలు తీశాను. కళ్లజోడు పెట్టుకున్నాను. ఆ పిల్ల ఒక అడుగు వెనక్కి వేసింది.

"ముందుగా ట్రస్టు సారు గారికి వందనాలు" అని చదివాను. "నాకు చదువు రాదని పుస్తకంలో వేయించారు. ఆ మాట చదువుకునే భాగ్యం నాకు కలిగింది."

ఆడవాళ్లలో ఎవరో నవ్వారు. లేచినవాళ్లు కూర్చున్నారు.

"నా రాతలు ఆయన పేరు మీద అచ్చు వేయించారు. నా అంతట నేను వేయించుకోలేను. అందుకు వందనాలు. మొదటి ప్రతి నా దగ్గరే ఉండిపోయింది. మేడమ్ గారు ఆ పుస్తకంలో నా ఫొటో పక్క పేజీ తియ్యండి." ఆవిడ తీసింది. నేను ఆ పాత ప్రతి పైకి తీసి మొదటినుంచి చదివాను. బియ్యం కడగక ముందే గుప్పెడు తియ్యాలి. ఆవిడ వేలు పుస్తకం మీద నా గొంతుతో పాటు నడిచింది. పేజీ చివరిదాకా నడిచింది. పుస్తకంలో లేని పేరా కూడా నా కాయితంలో ఒకటి ఉంది, ముసలివాళ్లకి వడ్డించేటప్పుడు నిలబడి వడ్డించకూడదని. దాన్ని ఆయన వదిలేశాడు. అదీ చదివాను.

సారు మైకు కోసం చెయ్యి చాపాడు. "అమ్మగారు కొంచెం ఎమోషనల్ అయ్యారు, భోజనాలు..."

"ఉండండి సార్" అంది మేడమ్. "వందన సమర్పణ ఇంకా అవలేదు కదా."

నా గొంతు వణకలేదు. అడిగింది ఇచ్చాడు దేవుడు.

"ఈ డబ్బాలకి తాళాలు వేయించినందుకు వందనాలు. మేం దొంగలమని మాకు ఇన్నేళ్లూ తెలీదు. మేడమ్ గారు, ఆ చీలికలో ఒక గుప్పెడు బియ్యం వేసి చూడండి." మా వదిన అప్పటికే కొంగులో బియ్యంతో బల్ల దగ్గరికి వచ్చేసింది. ఈ సంగతి నేను ఆవిడకి చెప్పలేదు, తనే తెచ్చుకుంది. మేడమ్ గుప్పెడు తీసుకుని వేసింది. బల్లంతా బియ్యం. ఆవిడ డబ్బా మూత లాగి చూసి, "తాళంచెవి ఏది?" అంది.

"ఆఫీసులో ఉంది మేడమ్" అన్నాడు సారు. నేను ఆయన మొహం చూశాను. చూసి, ఇంకాసేపు చూశాను.

"వ్యాను వచ్చిన ప్రతిసారీ కెమెరా కూడా వచ్చింది. రెండూ కలిసి వచ్చినందుకు వందనాలు. ఆఖరుగా, నిడదవోలు స్టేషన్లో మెట్లు దిగే ప్రయాణికులకి వందనాలు. పుస్తకం మధ్యలో ఫొటోలో అన్నం తింటున్న మా మామ్మకి నెలన్నరగా తిండి పెట్టింది వాళ్లు. ఇంతటితో ముగిస్తున్నాను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక నుంచి మామ్మ గొంతు మాత్రం వినిపించింది. "పూరీలని కూడా చెప్పవే."

మేడమ్ వ్యాను భోజనం ముట్టుకోలేదు. మామ్మ పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడింది. సారు షెడ్డు వెనక నా దగ్గరికి వచ్చాడు. మెత్తటి గొంతు పోయింది. "నేనేం అన్యాయం చేశానమ్మా మీకు? నలుగురిలో నన్నిలా..."

"మీరు చేసిందే చదివానండి" అన్నాను. "నాకు కల్పించి రాయడం రాదు. చదువుకోలేదు కదండీ."

రెండో ఏడాది గ్రాంటు రాలేదు. మా ఆయన చెప్పినట్టే వ్యాను పూర్తిగా ఆగిపోయింది. ఆ వ్యాను ఇంకో రెండు ఊళ్లకి కూడా వెళ్లేదట. అక్కడినుంచి ఒకావిడ వచ్చి నన్ను గుమ్మంలో నిలబెట్టి కడిగేసింది. "మాకు వారానికి రెండు పూటలైనా దక్కేవి. నీ పంతానికి మా ముసలాళ్ల నోరు కొట్టావు." ఆవిడకి మంచినీళ్లిచ్చాను. అంతా విన్నాను. బాధపడ్డాను. పశ్చాత్తాపపడ్డానని మాత్రం చెప్పలేను. గుప్పెడు సంగతి చెప్పి, మరుసటి వారం వాళ్లూరు వెళ్లి పొయ్యి పెట్టించి వచ్చాను.

మేడమ్ ఒక దరఖాస్తు పంపింది. మీరే రిజిస్టరు చేయించుకుని నేరుగా పెట్టుకోండి అని. అది కేలండరు వెనక ఉంది. అందులో విద్యార్హత అనే గడి ఒకటి ఉంది. ఏం రాయాలో ఇంకా తేల్చుకోలేదు. ఈలోపు ముసలివాళ్లు ఆగరు కాబట్టి పొయ్యి వెలిగించాం.

స్టీలు డబ్బాలు పారెయ్యడానికి మనసొప్పలేదు. మా ఆయన వాటిని వెల్డింగు షాపుకి తీసుకెళ్లి మూతలు కోయించాడు. "పొట్ట మీద ఆ పేరు కూడా గీకెయ్యమంటారా?" అని అడిగాడట షాపతను. మా ఆయన నాకు ఫోన్ చేశాడు. వద్దన్నాను. ఉండనివ్వమన్నాను. ఇప్పుడు మా ఊళ్లో ప్రతి ఇంట్లో పొయ్యి పక్కన ఆ పేరు ఉంది. రోజూ రెండు పూటలా, గుప్పెడు తీసి లోపల వేస్తూ ప్రతి ఆడదీ ఆ పేరు చూస్తుంది. ఆయన ఏం చేశాడో కోడళ్లకి చెబుతుంది. తాళం గురించి, చీలిక గురించి చెప్పి నవ్వుతారు. ఆ నవ్వు రాజమండ్రి దాకా వినపడాలని నా కోరిక.

మామ్మ తూర్పు గోడ పక్కన తన చోటికి వచ్చేసింది. మొదటి రోజు అక్కడ ఒక కొత్త ముసలాయన కూర్చుంటే లేపేసింది. నేను ఆవిడ ముందు కింద కూర్చుని వడ్డించాను. ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు నాలుకతో అటూ ఇటూ తిప్పి చూసింది. సన్నవీ ముతకవీ కలిసిన మెత్తటి అన్నం.

"ఊరి వాటానే" అంది. "ఉప్పు తక్కువైంది."

ఆ రాత్రి పడుకోబోయే ముందు వందనాలు చెప్పుకున్నాను. వానకి, పొయ్యికి, మా వదిన కొంగులో బియ్యానికి, మామ్మకి. ఆఖరున ట్రస్టు సారు పేరు కూడా చెప్పాను. అప్పటినుంచి రోజూ చెబుతున్నాను. ఆయన బాగుండాలని కాదు. నా ఎదుట ఆ మొహాన్ని అలా ఒక్కసారి చూపించినందుకు.